నేను చూపించని చీటీ

మా కాంపౌండర్ గారు పోయారు. పెద్దకర్మ కూడా అయిపోయిన నాలుగు రోజులకి ఆ సంగతి నాకు తెలిసింది. చెప్పింది కుంకుళ్ళామె.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ఖమ్మంలోని నా క్లినిక్‌కి వస్తుంది ఆమె. ములకలపల్లి అవతలి గూడెం నుంచి, రెండు బస్సులు మారి. సంతలో కుంకుడుకాయలు అమ్ముతుంది కాబట్టి నాకు మొదటి నుంచీ ఆమె కుంకుళ్ళామే. ఆ పొద్దున కూడా కొంగు ముడి విప్పి, ఖాళీ బిళ్ళల రేకులు బల్ల మీద పోసి, "గివే మళ్ళ రాయమ్మా" అంది. బీపీ చూద్దామని చేతికి పట్టీ చుడుతూ ఊరి సంగతులు అడిగాను.

"ఏమున్నదమ్మా. కాంపౌండర్ సారు పోయిండు గద. నీకు ఎరిక లేదా?"

గాలి కొట్టే బుడ్డి నా చేతిలో ఉంది. కొట్టడం మర్చిపోయాను.

"వాకిట్ల కూసోని చాయ్ తాగుకుంట తాగుకుంట ఒరిగిండంట. మంచోడే పాపం. నాకొక్కదానికే తప్పు బిళ్ళ ఇచ్చి పానం మీదికి తెచ్చిండు. పోయినోని మీద ఇంకేం కోపంలే."

అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే. ఆ బిళ్ళ రాసింది నేను, ఆయన కాదు. ఇంత చిన్న మాట. నోటిదాకా వచ్చింది కూడా. తీరా నేనన్నదేమిటో తెలుసా? "ఉప్పు తగ్గించు, పచ్చళ్ళు ముట్టుకోకు." అంతే. మందులు రాసిచ్చి పంపించేశాను. పదేళ్ళ కిందట మూసుకున్న నోరు ఆ రోజు కూడా తెరవలేదు. ఆమె వెళ్ళాక నా మీద నాకే ఛీ అనిపించింది. బయట ఇంకా ఎనిమిదిమంది పేషెంట్లున్నారు, అందరినీ చూశాను, ఎవరికి ఏం రాశానో ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఎనభైల్లో హౌస్ సర్జన్సీ ముగించగానే నాకు అడవి అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఊరి పేరు రాయను. ఇందులో ఆ ఊరి తప్పేమీ లేదు. మాది మధిర వైపు, మిరప తోటల సంసారం. ఇంట్లో మొదటి డాక్టర్ని నేనే కాబట్టి అందరూ నెత్తిన పెట్టుకున్నారు, నేనూ హాయిగా అక్కడే కూర్చున్నాను. నాకు నోరెక్కువ. ఇప్పటికీ ఎక్కువే, కాకపోతే ఇప్పుడు సంపాదన ఉంది కాబట్టి దాన్ని ముక్కుసూటితనం అంటున్నారు.

కాంపౌండర్ గారిది కారేపల్లి దిక్కు. సన్నటి మనిషి, పొట్టి చేతుల తెల్ల చొక్కా, పుండ్ల మీద రాసే నీలిమందు అంటి ఎప్పుడూ ఊదారంగులో ఉండే వేళ్ళు. ఆ వేళ్ళతోనే అన్నం తినేవారు, ఆ వేళ్ళతోనే పసిపిల్లల బుగ్గలు పట్టి ఊపేవారు. గూడెం పిల్లల బుగ్గల మీద ఊదా మరకలు చూసి, ఈ పిల్ల ఇవాళ ఆసుపత్రికి వచ్చిపోయిందని అర్థం చేసుకునేదాన్ని. గూడెం వాళ్ళతో కోయలో మాట్లాడేవారు, నాతో కారేపల్లి తెలుగులో. చదువు పదో తరగతి, ఆపైన కాంపౌండర్ ట్రైనింగ్. ఎప్పుడైనా మెచ్చుకోబోతే, "నాకేమెరికమ్మా, సీసాలు కడిగేటోణ్ణి" అనేవారు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఆసుపత్రికి ఏ కొత్త బిళ్ళ వచ్చినా, దాని రేకు చివర ముక్క కత్తిరించి, అన్నం మెతుకుతో అందులో అంటించేవారు. కింద, అది మింగినవాళ్ళు వచ్చి ఏం చెప్పారో రాసుకునేవారు. బీపీ బిళ్ళలకి వేరే పేజీలు. వాటిలో ఒక జాతి ఉంది, మీలో బీపీ ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, పేర్లన్నీ ఒకేలా ముగుస్తాయి. ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్, అటెనొలాల్. అవి పుట్టిన వరసలోనే ఆయన వాటికి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు పెట్టుకున్నారు.

"ఒక్క తల్లి పిల్లలేనమ్మా. గుండె ఉరుకుతుంటే ఆపుడే అందరి పని" అన్నారు ఒకసారి, సీసాలు తుడుస్తూ. "గానీ పెద్దోని చెయ్యి దురుసు. గుండెకాడికి పొమ్మంటే పోతా పోతా ఊపిరి గొట్టాలు గూడ పిసుకుతడు. నడిపోడు, చిన్నోడు గుండెకాడ్నే ఆగుతరు. అది గూడ తక్కువ మోతాదుల. ఎక్కువిస్తే వాళ్ళకి గూడ అన్న బుద్ధులొస్తయ్."

"మరి పెద్దోణ్ణి తీసి పారెయ్యాలా?" అన్నాను ఎకసెక్కంగా.

"అయ్యో, ఎందుకు? చేతులు వణికేటోనికి, సగం తలకాయ నొచ్చేటోనికి పెద్దోడే మంచోడు. కాకపోతే వాడు రెండు మూడు పూటల పని. మనోళ్ళు పొద్దుగాల జావ తాగి అడవిలకు పోతే మాపటికి గాని రారు. రెండు పూటల బిళ్ళ ఒక్క పూటనే మింగుతరు. చిన్నోడైతే ఒక్కసారి ఏసుకుంటే తెల్లారిందాంక కాపలుంటడు. బిళ్ళ పేరు మనకి తెలిస్తే చాలదమ్మా. బిళ్ళకి మనిషి తెల్వాలె."

ఒక పేజీలో ఎవరో ముసలాయన గురించి ఇలా ఉంది: "పెద్దోడు ఇచ్చిన. రోజూ పులి కల. చిన్నోనికి మార్చిన. పులి రాలే." అది చదివి నేను పడీ పడీ నవ్వాను. నా క్వార్టర్స్‌లోనే ఉన్న మందుల పుస్తకం తీసి చూస్తే అదే సంగతి అందులోనూ ఉంది. ఇంగ్లీషులో ఉంది, పులి లేదు, అంతే తేడా. కానీ నేనది తీసి చూసింది, జరగాల్సింది జరిగిపోయాక.

ఆయనకి ఇంకో అలవాటుండేది. ఈ జాతి బిళ్ళ ఏదైనా మొదటిసారి ఇచ్చే ముందు, మనిషిని వరండాలోకి తీసుకుపోయి, కబడ్డీ కూత పెట్టమనేవారు. మీసాల పెద్దమనుషులైనా, ముగ్గురు పిల్లల తల్లులైనా సరే. వాళ్ళు సిగ్గుపడుతూ, నవ్వుతూ "కబడ్డీ కబడ్డీ" అంటూ ఒక్క ఊపిరిలో సాగదీస్తుంటే, ఆయన కబడ్డీకో కణుపు చొప్పున బొటనవేలితో మిగతా వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. చేతికి పన్నెండు కణుపులు. రెండు చేతులూ నిండితే పెద్దోణ్ణి ఇవ్వొచ్చు. నిండకపోతే చిన్నోడు, అదీ సగం బిళ్ళ. ఒక్క చెయ్యి కూడా నిండకపోతే ఆ ఇంటి పిల్లలెవరూ వద్దు. ఇది ఏ వైద్య పుస్తకంలోనూ లేదు. ఆయనే ఎక్కడో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి మనుషుల్ని చూసి, సరిచేసుకుంటూ వచ్చారు.

సర్కారు నుంచి మాకు వచ్చేది పెద్దోడే. మందుల కంపెనీల వాళ్ళు కొత్తగూడెం నుంచి ఎప్పుడైనా వస్తే నాలుగు చిన్నోడి శాంపిళ్ళు ఇచ్చిపోయేవారు. వాటిని ఆయన ఒక గాజు సీసాలో దాచి, ఊపిరి తక్కువ వాళ్ళకి మాత్రమే తీసేవారు.

అది జరిగింది ఒక సంత రోజు. లైన్ గేటు దాకా ఉంది. కుంకుళ్ళామెకి నేను బీపీకి ప్రొప్రనొలాల్, అదే పెద్దోణ్ణి, రాశాను. ఉబ్బసం ఉందా అని అడిగాను, అడగలేదని కాదు. లేదంది. గూడెంలో ఉబ్బసమంటే రోజంతా కూర్చుని రొప్పే ముసలివాళ్ళకే. మంచు పడ్డప్పుడు, కుంకుళ్ళు దంచినప్పుడు ఛాతీలో వచ్చే పిల్లికూతల్ని వాళ్ళు రోగం కింద లెక్కెయ్యరు. ఛాతీ విన్నాను, శుభ్రంగా ఉంది. చీటీ రాసిచ్చాను. కాసేపటికి లేచి మందుల గదిలోకి పోతే, ఆమె చీటీ ముందు పెట్టుకుని కాంపౌండర్ గారు గాజు సీసాలోంచి బిళ్ళ తీస్తున్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. తలుపు దగ్గరికేశాను.

"నేను రాసిందేంటి, నువ్విస్తున్నదేంటి?"

నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దాయన్ని నువ్వు అన్నాను. మొదటిసారి. ఆయన తలెత్తి చూసి, నెమ్మదిగానే చెప్పారు.

"ఈమెకి మంచుకాలం పిల్లికూతలొస్తయమ్మా. నాకు ఎరికే. పెద్దోడు పడడు."

"పెద్దోడూ చిన్నోడూ ఏమిటి, నీ బొంద! రెండూ ఒకటే గ్రూపు, ఒకటే మందు. ఇక్కడ డాక్టర్ నువ్వా, నేనా?"

"మీరేనమ్మా. ఒక్క కూత పెట్టించి చూద్దాం. మీరే లెక్కపెట్టుండ్రి."

"ఇది దవాఖానా. కబడ్డీ కోర్టు కాదు!"

బయట లైన్‌లో ఉన్నవాళ్ళకి నా అరుపు వినపడింది, మాటలు వినపడలేదు. ఆయన సీసా మూత పెట్టేశారు. డబ్బాలోంచి పెద్దోణ్ణి తీసి కిటికీలోంచి ఇచ్చారు. ఆమె అక్కడే నీళ్ళడిగి మింగి సంతకి పోయింది.

మధ్యాహ్నానికి నలుగురు మనుషులు ఆమెని మంచం మీద మోసుకొచ్చారు. పెదవులు నల్లబడ్డాయి. మెడ నరాలు లేస్తున్నాయి గానీ ఛాతీలోకి గాలి పోవడం లేదు. ఊపిరి ఆడటానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ సీసా విరిచాను. కాంపౌండర్ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"అది వద్దమ్మా. పెద్దోడు లోపల్నే ఉన్నడు, దాన్ని పన్జెయ్యనీయడు. ఉట్టిగ బీపీ ఎక్కుతది." రెండో చేతిలో, ఊపిరి గొట్టాల్ని వదులు చేసే అమినోఫిల్లిన్ నింపిన సిరంజి ఉంది. నేను అడక్కముందే నింపి పెట్టారు. "ఇది నరంలకు. నెమ్మదిగ, నెమ్మదిగ."

ఆమె బతికింది. కొత్తగూడెం పెద్దాసుపత్రికి పంపిస్తే మూడు వారాలుండి వచ్చింది. తిరిగొచ్చాక ఆ జాతి బిళ్ళలు ఆపేసి వేరే జాతికి మార్చాను. "ఇగ ఆ ఇంటి పిల్లలు ఎవ్వలొద్దమ్మా ఈమెకి, చిన్నోడు గూడ వద్దు" అని కాంపౌండర్ గారు చెబితే, తలూపి అలాగే రాశాను.

అప్పటికే ఊళ్ళో మాట పుట్టింది. కాంపౌండర్ తప్పు బిళ్ళ ఇచ్చిండు, డాక్టరమ్మ పట్టుకుని తిట్టింది, అయినా ఆమె అదే మింగింది. నా అరుపు విన్నవాళ్ళు అల్లుకున్న కథ అది. దాన్ని నేను కాదనలేదు. కొన్నాళ్ళకి పైనుంచి ఒక అధికారి విచారణకి జీపులో వచ్చాడు.

మా దగ్గర చీటీలన్నీ మందుల గదిలో ఒక ఇనుప తీగకి గుచ్చేవాళ్ళం. ఆ పొద్దున కాంపౌండర్ గారు నా గదిలోకి వచ్చి, ఒక చీటీ నా బల్ల మీద పెట్టారు. మధ్యలో తీగ గుచ్చిన కన్నం. నా చేతిరాత, నా సంతకం, ప్రొప్రనొలాల్. "ఇది మీ కాడ ఉండనీయుండ్రి" అని బయటికి పోయారు.

జీపాయన వరండాలో కుర్చీ వేసుకుని అడిగాడు. "ఎవరిచ్చారు ఆ టాబ్లెట్?"

"నేనే సార్" అన్నారు కాంపౌండర్ గారు. "డాక్టరమ్మ అటెనొలాలే రాసింది. నా చూపు సరిగ లేక ప్రొప్రనొలాల్ ఇచ్చిన."

"చీటీ ఏదీ?"

"తీగ మీదికెల్లి యాడనో జారింది సార్."

చీటీ నా తెల్లకోటు జేబులో ఉంది. నేను నిలబడ్డ చోటు నుంచి జీపాయనకి రెండడుగుల దూరం. జేబులో చెయ్యి పెట్టాను. వేలికి ఆ కన్నం తగిలింది కూడా. "అవునా మేడమ్?" అని అధికారి నా వైపు చూస్తే, "అవునండీ" అన్నాను.

ఆయన్ని శిక్ష మీద దూరపు సబ్‌సెంటర్‌కి వేశారు. బస్సెక్కే రోజు ఇనప్పెట్టె పక్కన నిలబడి ఉంటే వెళ్ళాను. ఎందుకలా చెప్పారని అడిగాను. అడిగానే గానీ, పోయి నిజం చెబుతానని అనలేదు, అది గమనించండి.

"నువ్వు రాకముందు ఈడ ఆడోళ్ళు కాన్పుకి దవాఖానాకి రాకపోయేది బిడ్డా" అన్నారు. ఆ ఒక్కసారే నన్ను నువ్వు అన్నారు. "ఆడ డాక్టరని ఇప్పుడిప్పుడే వస్తున్నరు. నా మాట పోతే ఊరికేం గాదు. నీ మాట పోతే వాళ్ళు మళ్ళ రారు. నీకు చెప్పబుద్ధయిన్నాడు చెప్పుకో. చీటీ నీ కాడనే ఉన్నది గద."

నాకు చెప్పబుద్ధి కాలేదు. మొదట భయం. తర్వాత మంచి పేరు వచ్చింది, ఆ పేరు పోతుందన్న భయం. కాన్పులు చేశాను, నిజమే, చాలానే చేశాను. దాన్నే సాకుగా పెట్టుకున్నాను. తర్వాత ఖమ్మం వచ్చి క్లినిక్ పెట్టుకున్నాను. ఆయన రిటైరై మళ్ళీ ఆ ఊరికే వచ్చి ఉంటున్నారని తెలుసు. బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక్కసారీ వెళ్ళలేదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. క్లినిక్‌లో ఈ జాతి బిళ్ళ రాసే ముందు నేనూ పేషెంట్ల చేత కూత పెట్టిస్తాను. కణుపులు లెక్కపెడతాను. కంపెనీ కుర్రాళ్ళు వచ్చి "అన్నీ ఒకటే గ్రూపు మేడమ్, మాది కొంచెం బెటర్" అంటే, ఊపిరి గొట్టాల సంగతి చెప్పమని నిలదీస్తాను. ఒకసారి నా దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టరమ్మాయి, "భలే పద్ధతి మేడమ్, ఎవరు నేర్పారు?" అంది. "అనుభవం" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆయన పరువు తిన్నది చాలక ఆయన పద్ధతి కూడా తినేశాను.

కబురు తెలిసిన వారం తర్వాతి సంతరోజు ఆ ఊరికి వెళ్ళాను. బీరువాలో చీరల కింది నుంచి చీటీ తీసి పర్సులో పెట్టుకున్నాను. కుంకుళ్ళామె సంతలో గోనె పరుచుకుని కూర్చుని ఉంది.

"ఏందమ్మా, గింత దూరం వచ్చినవ్?"

చీటీ ఆమె చేతిలో పెట్టాను. దారంతా అదే అనుకుంటూ వచ్చాను, అది చేతిలో పెడితే సగం పని అయిపోతుందని. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, కన్నంలోంచి నన్ను చూసి నవ్వింది.

"నాకు సదువు రాదు గదమ్మా. ఏం రాసున్నది?"

ఇక నోటితో చెప్పక తప్పలేదు. చెప్పాను. పెద్దోణ్ణి రాసింది నేనని. ఆయన వద్దన్నారని, కూత పెట్టించమని బతిమాలారని, నేను వెక్కిరించానని. తలుపేసి తిట్టింది ఆయన తప్పు చేసినందుకు కాదని. జీపాయన అడిగినప్పుడు ఈ చీటీ నా జేబులోనే ఉందని. పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆవిడ కూడా వింటోంది. విననీ అనుకున్నాను.

కుంకుళ్ళామె కుంకుళ్ళ కుప్పలో చెయ్యి పెట్టి కదిలించింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయన రిటైరై వచ్చినంక ప్రతి సంతకీ నా ముంగటికి వచ్చేటోడమ్మా" అంది. "మంచుకాలం ఎట్లున్నది చెల్లె అని అడిగేటోడు. నేను మొఖం దిప్పుకునేదాన్ని. కుంకుళ్ళు గూడ అమ్మకపోయేది ఆయనకి. ఒక్క మాటన్న పలకలే. గన్నిసార్లు అడిగిండు గదమ్మా, ఒక్కసారన్న మంచిగున్నది అని చెప్పకపోతి."

ఆమె గోనె ముడేసి ఉల్లిగడ్డలావిడకి అప్పజెప్పి, "పా" అంది.

వాగు ఒడ్డున ఆయన్ని కాల్చిన చోటు వానకి చదునైపోయింది. నల్ల మట్టి, పగిలిన కుండ పెంకులు. ఆమె చెప్పులు విడిచి నిలబడింది. నేను కొంచెం వెనక.

"ఆనాడు కూత పెట్టించమన్నడా ఆయన?"

"అవును."

"నువ్వు లెక్కవెట్టు" అని, కొంగు నడుముకి దోపి, ఛాతీ నిండా గాలి పీల్చింది.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ. యాభై దాటిన ఆడమనిషి, వాగు వైపు తిరిగి, గట్టిగా. అవతలి ఒడ్డున పశువులు తలెత్తాయి. నా బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద నుంచి కదిలింది. ఒక వేలు, రెండో వేలు, మూడో వేలు. గొంతులో సన్నగా పిల్లికూత మొదలైంది, అయినా ఆమె ఆపలేదు. నాలుగో వేలు. ఒక చెయ్యి నిండింది. రెండో చేతికి మారాను. మొదటి కణుపు, రెండో కణుపు. పెద్దోడికి ఇంకా పది కణుపులుండగానే కూత తెగిపోయింది. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, ఏడుస్తోందో రొప్పుతోందో తెలియకుండా ఊపిరి తీసుకుంటోంది. నా బొటనవేలు ఆ రెండో కణుపు మీదే ఉంది.